బడిలో కూర పారేస్తున్న పాప: ముందు బకెట్ దగ్గర నిలబడండి

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పాప మూడో తరగతి. హనుమకొండలో మధ్యాహ్నం భోజనం బడిలోనే పెట్టే ప్రైవేటు స్కూల్. అన్నంలో సాంబారు పోసుకుని నాలుగు ముద్దలు తిని, కూర, ఆకుకూర పప్పు అలాగే పారేస్తోందని క్లాస్ టీచర్ చెప్పారు. సాయంత్రం ఇంటికి రాగానే చిప్స్ ప్యాకెట్ కోసం ఏడుస్తోంది. మీరు పేరెంట్స్ కమిటీలో ఉన్నారు. పిల్లలు ఇష్టపడేవే పెట్టాలి, నూడుల్స్, పిజ్జా పెట్టాలి అని కొందరు తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. పాపతో ఎలా తినిపించాలి, కమిటీలో ఏం మాట్లాడాలి, ఇంటి నుంచి బాక్స్ కట్టి పంపడం మేలా అని అడిగారు.

నేను 1989లో టీచర్‌గా చేరి 2021లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఎక్కువ కాలం నర్సంపేట, పరకాల వైపు పల్లె బడుల్లో, చివరి ఆరేళ్లు హనుమకొండలో పనిచేశాను. బడిలో వండి పెట్టడం మొదలుకాక ముందు, హాజరు 80 శాతం ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోల బియ్యం సంచిలో పోసి ఇంటికి పంపేవాళ్లం. 2003 జనవరి నుంచి బడిలోనే వండి పెట్టడం మొదలైంది. అప్పటి నుంచి రిటైరయ్యే రోజు వరకు, పిల్లలకు వడ్డించే ముందు అన్నం, పప్పు రుచి చూడటం నా పనుల్లో ఒకటి. ఇప్పుడు మా కాలనీ దగ్గరి బడిలో భోజనాల కమిటీకి సాయం చేస్తున్నాను. మీది ప్రైవేటు స్కూలే అయినా ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడైనా ఎనిమిదేళ్ల పిల్లే.

పాపను ఏమీ అనకండి. ముందు స్కూల్‌వాళ్లను అడిగి, ఒక వారం రోజులు పిల్లలు మిగిలింది పారేసే బకెట్ దగ్గర నిలబడండి. మీకు కుదరకపోతే కమిటీలో ఇంకొకరు నిలబడొచ్చు. పిల్లలతో ఒక్క మాట కూడా అనొద్దు. "ఎందుకు పారేస్తున్నావ్" అని అడిగితే మర్నాటి నుంచి బెంచీ కింద పారేస్తారు. ఏ రోజు ఏ కూర, ఏ తరగతి, పారేసింది అన్నమా, కూరా, ముక్కలు మాత్రమేనా, కంచం తెచ్చేసరికి టైమెంత, ఇవి రాసుకుంటే చాలు.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. పరకాల వైపు బడిలో ఉన్నప్పుడు మా పిల్లలు కూరగాయలు తినరని నేను కూడా అనుకునేదాన్ని. ప్రార్థనలో నిలబెట్టి విటమిన్ల గురించి చెప్పేదాన్ని. ఏ మార్పూ రాలేదు. ఒకసారి పశువులకు పోయడానికి బకెట్ తీసుకెళ్లే ముసలాయన "మేడమ్, మీ పోరగాళ్లు కూరంతా తింటరు, ముక్కలే ఏరేస్తరు" అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే. రసం, మసాలా అంతా అన్నంలో కలుపుకుని తిన్నారు. బొటనవేలంత సోరకాయ ముక్కలు, సగం ఉడికిన బెండకాయలు, గింజ ముదిరిన వంకాయలు మాత్రం బకెట్లో ఉన్నాయి. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తున్న పిల్లల నోటికి ఆ ముక్క పట్టదు. పైగా పక్కన ఆట మొదలైపోతుంది. మర్నాటి నుంచి సోరకాయ సన్నగా తరిగి పెసరపప్పులో వేసి మెత్తగా ఉడికించమన్నాను. అదే పిల్లలు, అదే సోరకాయ, వారం తిరిగేసరికి బకెట్లో ముక్క కనబడలేదు. అప్పటిదాకా నేను ప్రార్థనలో చెప్పిన పాఠాలన్నీ కలిపి చేయలేని పని కత్తిపీట చేసింది.

ఇంకో బడిలో సమస్య కారం. వంట చేసే అక్క చెయ్యి పెద్దల చెయ్యి. మన వరంగల్ వైపు ఇళ్లలో తినే కారం ఆమెకు మామూలే. ఎనిమిదో తరగతివాళ్లు లొట్టలేసుకుని తినేవాళ్లు. ఒకటి రెండు తరగతుల పిల్లలు రెండు ముద్దలు తిని నీళ్లు తాగి కడుపు నింపుకునేవాళ్లు. పప్పు ఉడికాక చిన్న పిల్లలకు సరిపడా వేరే గిన్నెలోకి తీసి, మిగిలిన దానిలో కారం కలపమన్నాను. అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. మీ స్కూల్లో ఒకే గిన్నె నుంచి ఎల్‌కేజీ పిల్లకూ పదో తరగతి పిల్లకూ వడ్డిస్తున్నారేమో కనుక్కోండి.

టైమ్ సంగతి అన్నిటికన్నా పెద్దది, అందరూ తేలిగ్గా తీసుకునేది కూడా అదే. భోజనానికి 40 నిమిషాలని టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. చేతులు కడుక్కునే కుళాయి దగ్గర లైను, వడ్డించే దగ్గర లైను, బెంచీ దొరకడం, ఇవన్నీ అయ్యాక మూడో తరగతి పిల్ల చేతిలో కంచం పట్టుకుని కూర్చునేసరికి ఎంత మిగులుతుందో గడియారం పట్టి చూడండి. నేను చూసిన ఒక బడిలో 11 నిమిషాలు మిగిలేవి. ఆ 11 నిమిషాల్లో కూడా కిటికీలోంచి గ్రౌండ్‌లో ఆడుతున్న స్నేహితురాళ్లు కనిపిస్తుంటారు. ఏ పిల్లయినా సాంబారన్నం గబగబా మింగి పరుగెత్తుతుంది. నమలాల్సిన కూర, ఏరుకోవాల్సిన కరివేపాకు ఉన్న పప్పు బకెట్లోకి పోతాయి.

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా చెప్పేది ఒకటే: ఆట ముందు, అన్నం తర్వాత. చిన్న తరగతులకు ముందు 15 నిమిషాలు ఆడుకోనిచ్చి, చేతులు కడిగించి, అప్పుడు కూర్చోబెట్టండి. అమెరికాలో కొన్ని బడుల్లో ఇలా మార్చి చూసి, పిల్లలు కూరగాయలు, పండ్లు ఎక్కువగా తింటున్నారని లెక్కగట్టారు. నాకు ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. మా బడిలో కుళాయి ఒక్కటే ఉండటం వల్ల చిన్నవాళ్లను ముందు ఆటకు వదిలి, పెద్దవాళ్లకు ముందు వడ్డించాం. ఆడి, అలిసి, ఆకలితో వచ్చిన పిల్లలు కూర్చుని తినడం అప్పుడే చూశాను. ఎండాకాలం మాత్రం ఇది కుదరదు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలయ్యాక మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడించి అన్నం పెడితే పిల్లలకు సయించదు. ఆ రోజుల్లో నీడలో ఉంచి, అన్నంతో పాటు పలుచటి మజ్జిగ, పచ్చిపులుసు లాంటివి ఉంటే తింటారు.

ఇప్పుడు చిప్స్ ప్యాకెట్. పాప సాయంత్రం అడుగుతోందన్నారు. పొద్దున ఇంటర్వెల్‌లో ఏం తింటోందో తెలుసుకోండి. పదిన్నరకో పదకొండుకో ఒక చిప్స్ ప్యాకెట్, ఒక తియ్యటి జ్యూస్ డబ్బా పడితే ఒంటిగంటకు ఆకలి ఉండదు. ఆకలి లేని పిల్ల ముందు అమృతం పెట్టినా మూతి ముడుస్తుంది. ఇందులో చట్టం కూడా మీ పక్షానే ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధనలు తెచ్చింది. మీ స్కూల్ లోపలి క్యాంటీన్‌లోనే అవి అమ్ముతుంటే కమిటీలో ముందు మాట్లాడాల్సింది దాని గురించే. గేటు బయట చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్ల మీదికి మాత్రం చట్టం పేరుతో పోకండి. వాళ్లకీ బతుకుతెరువు కావాలి. మా బడి ఎదురుగా ఒక పెద్దమ్మ దుకాణం ఉండేది. ఆమెతో కూర్చుని మాట్లాడాను. ఉడకబెట్టిన పల్లీలు, కోసి ఉప్పుకారం చల్లిన జామకాయ, పల్లి పట్టీలు, మక్కల కాలంలో ఉడికిన కంకులు పెట్టమన్నాను. మొదటి వారం అమ్ముడుపోకపోతే మిగిలినవి టీచర్లమే కొన్నాం. నెల తిరగకముందే ఆమె పల్లీలు రెండు గిన్నెలు పెట్టడం మొదలుపెట్టింది. ప్యాకెట్లు పూర్తిగా తీసేయలేదు. కానీ వెనక్కి పోయాయి, పిల్లల కంటికి ముందు జామకాయ కనబడింది.

నూడుల్స్, పిజ్జా విషయానికి వస్తే కమిటీలో గట్టిగా వద్దనండి. పిల్లలకు నచ్చేదే పెట్టాలన్న మాటలో తప్పు లేదు. నచ్చేది అంటే మైదా ఒక్కటే అనుకోవడం దగ్గరే తప్పు వస్తోంది. మన ఇళ్లలో పిల్లలు ఇష్టంగా తినేవి ఎన్ని లేవు? బొబ్బెర గుడాలు, శనగ గుడాలు, పెసర గుడాలు చూడండి. రాత్రి నానబెట్టి పొద్దున ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎల్లిపాయ తాలింపు వేసి నిమ్మకాయ పిండితే మూడు వందల మందికైనా గంటలో సిద్ధం. పప్పుధాన్యం కనుక ప్రొటీన్ దొరుకుతుంది. వారానికి ఒకసారి సాయంత్రం స్నాక్‌గా పెట్టి చూడండి.

సర్వపిండి పెట్టాలని నేను చాలా ఆశపడ్డాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లికాడ, తురిమిన సోరకాయ వేస్తే అంతకన్నా మంచి తిండి ఏముంటుంది అనిపించింది. గిన్నెకు ఒత్తి, చిన్న మంట మీద ఒక్కొక్కటి కాల్చాలి కదా. యాభై మందికి చేయడానికే ఇద్దరు వంటక్కలకు పూట మొత్తం పట్టింది. పైన మాడి లోపల పచ్చిగా వచ్చినవి కొన్ని. పెద్ద వంటశాలకు అది పనికిరాదు. ఇంట్లో చేసి బాక్స్‌లో పెట్టండి, అక్కడ దానికి సాటి లేదు. మొక్కజొన్న రవ్వతో వండే మక్క గట్క కూడా ప్రయత్నించాం. వేడిగా ఉన్నప్పుడు మజ్జిగతో తిన్నవాళ్లు తిన్నారు, చల్లారి గట్టిపడితే ఎవరూ ముట్టలేదు. రాగి జావదీ అదే కథ. 2023లో ప్రభుత్వ బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలైనప్పుడు, నేను సాయం చేసే బడిలో మొదటి రోజుల్లో గ్లాసులకు గ్లాసులు మిగిలాయి. మీగడ కట్టి, ఉండలు కట్టి ఉండేది. పిండిని ముందు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మరిగే నీళ్లలో పోయడం, పలుచగా కాచడం, బెల్లం బాగా కరిగించి గోరువెచ్చగా ఉండగానే ఇవ్వడం అలవాటయ్యాక తాగారు.

ఆకుకూరల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ వయసు దాటి బడికి వచ్చే పిల్లల్లో చాలామంది ఆ రక్తహీనతతోనే వస్తారు. రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాల్చే పిల్లను మేం బద్ధకం అని తిట్టిన రోజులున్నాయి. తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆకుకూరలో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి, అది పుల్లటి వాటిలో ఎక్కువగా దొరుకుతుంది. నిమ్మకాయ, ఉసిరికాయ, జామకాయ, టమాట ఏదైనా సరే. మన పిల్లలకు పులుపంటే ప్రాణం. నేను చూసినంత కాలం బకెట్లో పుంటికూర (గోంగూర) పప్పు కనబడిన రోజు లేదు. పాలకూర పప్పు పారేసే పిల్లలు కూడా పుంటికూర మారు అడుగుతారు. అందుకని పాలకూర, తోటకూర వండే రోజు పిడికెడు పుంటికూర కలపమనండి, లేదా చింతచిగురు దొరికే రోజుల్లో అది కలపమనండి. గంగవాయిల కూర మన చేలల్లో ఊరికే మొలుస్తుంది, దాని పులుపు పప్పులో చాలా బాగుంటుంది. ఆకును సన్నగా తరిగితే నోటికి నార తగలదు. కరివేపాకును తాలింపులో మొత్తంగా వేయకుండా వేయించి పొడి కొట్టి వేస్తే ఏరిపారేయడానికి ఉండదు.

ఈ ఇనుము ఒంటికి పట్టకుండా చేసేది చాయ్. పొద్దున చాయ్‌లో బిస్కెట్ లేదా రస్కు ముంచి తినిపించి బడికి పంపే ఇళ్లు మన దగ్గర ఎన్నో. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ తాగొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకే చెప్పింది. పిల్లలకు అసలు అవసరమే లేదు. మీ పాపకు ఆ అలవాటుంటే మెల్లగా మాన్పించండి.

నులిపురుగుల మాత్ర కూడా మర్చిపోవద్దు. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు, ప్రైవేటు బడులకు కూడా వస్తుంది. ఆ రోజు పాప సెలవు పెట్టిందేమో కనుక్కోండి. పురుగులున్న పిల్లకు ఎన్ని ఆకుకూరలు పెట్టినా సగం వృథా.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చూడండి, దీన్ని ఎవరూ భోజనంతో కలిపి చూడరు. మీ పాప బడిలో నీళ్లు తాగుతోందా? బాత్రూంకి వెళ్తోందా? హనుమకొండలో పనిచేసేటప్పుడు నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. అన్నం తినదు, కడుపునొప్పి అంటుంది. ఇంట్లోవాళ్లు దిష్టి తీశారు, ఆకలి టానిక్‌లు తాగించారు. నేను పక్కన కూర్చుని మెల్లగా అడిగితే చెప్పింది. బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు, అందుకని పొద్దున నుంచి నీళ్లు తాగదు, రెండుకు వెళ్లాల్సి వచ్చినా ఇంటికి వెళ్లే దాకా ఆపుకుంటుంది. అలా ఆపుకుని ఆపుకుని మలబద్ధకం పట్టింది. కడుపు బిగుసుకున్న పిల్లకు ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? గొళ్లెం పెట్టించాం, బకెట్, మగ్గు పెట్టించాం, ప్రతి రెండు పీరియడ్లకు నీళ్ల గంట కొట్టించాం. ఆ అమ్మాయి తినడం మొదలుపెట్టడానికి రెండు వారాలు పట్టింది. గొళ్లెం ముందే చూడాల్సింది నేనే, హెడ్‌మిస్ట్రెస్‌ని నేనే కనుక. మీ కమిటీ మెనూ మీద మాట్లాడే రోజునే బాత్రూంలు కూడా ఒకసారి తిరిగి చూడండి.

వంటగదిలో ఒక ప్రశ్న అడగండి: ఈ రోజు కూరగాయలు ఎన్ని కిలోలు వచ్చాయి? ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి కొలతలున్నాయి. అయిదో తరగతి వరకు ఒక్కో పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. మీ స్కూల్‌కు ఇవి వర్తించవు గానీ కొలబద్దగా పనికొస్తాయి. చిన్న తరగతుల్లో 200 మంది తింటున్నారంటే 10 కిలోల కూరగాయలు, 4 కిలోల పప్పు ఉండాలి. నేను వెళ్లిన ఒక ప్రైవేటు స్కూల్లో 300 మందికి 8 కిలోల కూరగాయలు వస్తున్నాయి. సాంబారులో ముక్క వెతుక్కోవాల్సిందే. ఆ స్కూల్ తల్లిదండ్రులు కూడా పిల్లలు కూర తినట్లేదనే బాధపడుతున్నారు. అక్కడ తినడానికి కూర ఉంటే కదా!

ప్రభుత్వ బడిలో సరుకులకు ఇచ్చే డబ్బు, బియ్యం కాకుండా, 2025 మే నుంచి చిన్న తరగతుల పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతులకు 10 రూపాయల 17 పైసలు. మన రాష్ట్రం గుడ్డు కూడా పెడుతోంది, తిననివాళ్లకు అరటిపండు. వంట చేసే అక్కలకు నెలకు ఇచ్చేది 3 వేలు. ఆ డబ్బుతో, బిల్లులు ఆలస్యమైనప్పుడు అప్పు తెచ్చి మరీ, వాళ్లు పప్పు చిక్కగా వండిన రోజులు నేను చూశాను. మీ స్కూల్ నెలకు భోజనానికి ఎంత తీసుకుంటోందో మీకు తెలుసు. రోజుకు ఎంత పడుతుందో లెక్కగట్టి, దానికి తగ్గ కూరగాయలు, వారానికి రెండు మూడు గుడ్లు, ఒక పండు అడగడం మీ హక్కు.

అలాగే వంట చేసేవాళ్లతో గౌరవంగా మాట్లాడండి. కమిటీవాళ్లు తనిఖీకి వచ్చినట్టు వస్తే వాళ్లు బెదిరిపోతారు, ఆ రోజుకు బాగా వండి మర్నాడు మామూలే. నేను చేసిందల్లా బకెట్ చూపించి "అక్కా, ఈ ముక్కలు ఎందుకు మిగిలాయంటావు?" అని అడగడం. జవాబు వాళ్లకే తెలిసేది.

గుడ్డు అన్నాను కనుక ఒక విషయం. నర్సంపేట దగ్గర ఒక రెండో తరగతి పాప గుడ్డు తినకుండా లంగా జేబులో పెట్టుకునేది. తినడం ఇష్టం లేదని అనుకున్నాం. ఇంట్లో రెండేళ్ల తమ్ముడికి తీసుకెళ్తోంది. ఆ తర్వాత నేను ఏ పిల్ల దగ్గర మిగిలిన తిండి చూసినా ముందు కారణం అడగకుండా ఏ మాటా అనలేదు. మీ పాప కూడా ఎందుకు వదిలేస్తోందో తనకు తెలిసే ఉంటుంది. ఇంట్లో తీరిగ్గా ఉన్నప్పుడు, తిండి ముందు లేనప్పుడు, "బడిలో అన్నం తినే చోటు ఎలా ఉంటుందే? నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని మొదలుపెట్టండి. వాసన అనొచ్చు, పక్కపిల్ల వెక్కిరిస్తోంది అనొచ్చు, వడ్డించేవాళ్లు కసురుతున్నారు అనొచ్చు.

ఇక తినిపించే పద్ధతి. కొత్త కూర పిల్లకు అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు కంచంలో కనబడాలి. మూడుసార్లు వద్దంటే "మా పాప బీరకాయ తినదు" అని మనమే తీర్పు చెప్పేస్తాం, ఆ మాట పాప వింటుంది, ఆ తర్వాత నిజంగానే తినదు. బంధువుల ముందు ఆ మాట ఎప్పుడూ అనకండి. ఒక్క చెంచా వడ్డించండి, తింటే తింటుంది, లేకపోతే లేదు. మళ్లీ నాలుగు రోజులకు ఇంకో చెంచా. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం మాత్రం పెట్టొద్దు. చాక్లెట్ ఇచ్చి మరీ తినిపిస్తున్నారంటే కూర అంత చేదుదన్నమాట అని పిల్ల మనసులో పడిపోతుంది. కంచం ఖాళీ చేసిందాకా లేవనివ్వకపోవడం కూడా మంచిది కాదు. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన పని. ఎంత తినాలన్నది పాప కడుపుకు వదిలేయండి.

బడిలో కూడా వడ్డించేటప్పుడు "ఎంత కావాలి?" అని అడిగేలా చూడండి. గరిటెతో ఒక్క దెబ్బకు కుమ్మరిస్తే పిల్ల కంగారు పడుతుంది. కొంచెం వేసి, మారు అడిగితే మళ్లీ వేస్తే పారేసేది చాలా తగ్గుతుంది. టీచర్లు పిల్లల పక్కనే కూర్చుని అదే భోజనం తినాలి, ఇది మీ స్కూల్‌వాళ్లకు రుచించకపోవచ్చు, అయినా అడగండి. నేను రోజూ పిల్లల మధ్య కూర్చుని తినేదాన్ని. నేను కాకరకాయ తింటుంటే "మేడమ్, చేదు లేదా?" అని అడిగేవాళ్లు. కొంచెం చేదే, అయినా నాకిష్టం అనేదాన్ని. రుచి చూడటానికి ఒక ముక్క అడిగి తీసుకునేవాళ్లు.

బడిలో జాగా ఉంటే నాలుగు మడులు వేయించండి. పుంటికూర, మెంతికూర, తోటకూర నెలా నెలన్నరలో చేతికొస్తాయి. ఒక మునగ చెట్టు, ఒక కరివేపాకు చెట్టు చాలు. జాగా లేకపోతే సిమెంటు కుండీలైనా సరే. తన చేత్తో తుంచిన ఆకు పప్పులో పడితే పిల్ల దాన్ని వెతికి మరీ తింటుంది.

ఇంట్లో నాన్న, తాతయ్య కూడా అదే కూర తినాలి. నాన్నకు ఆమ్లెట్, పాపకు బీరకాయ అంటే సాగదు. ఆదివారం రైతు బజారుకు పాపను తీసుకెళ్లి రెండు కూరగాయలు తననే ఏరమనండి. తినేటప్పుడు ఫోన్ వద్దు. ఫోన్ చూస్తూ తిన్న పిల్లకు కడుపు నిండిందో లేదో కూడా తెలియదు. చిప్స్ ఒక్కసారిగా బంద్ చేస్తే గొడవ పెద్దదవుతుంది. ఇంటికి రాగానే చేతికి అందేలా ముందు వేయించిన పల్లీలు, బెల్లం, అరటిపండు, నువ్వుల ఉండ, లేదా గిన్నెడు పెరుగన్నం పెట్టండి. బడి నుంచి వచ్చే పిల్లకు అసలు కావాల్సింది అన్నమే, చాలాసార్లు. చిప్స్ వారానికి ఒక రోజుకు తగ్గించి, ఆ రోజు మనస్ఫూర్తిగా ఇచ్చేయండి.

బరువు తగ్గుతోందన్నా, నాలుగైదు పదార్థాలు తప్ప వేరేవి నోట్లో పెట్టగానే వాంతి చేసుకుంటోందన్నా, మింగడానికి ఇబ్బంది పడుతోందన్నా, పళ్లు పుచ్చి నమలలేకపోతోందన్నా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కు చూపించండి. పాలిపోయి, ఊరికే అలిసిపోతుంటే రక్తపరీక్ష చేయించండి.

బాక్స్ మాటకొస్తే, మధ్యాహ్నం భోజనానికి బదులుగా పంపొద్దు. పంపితే బడి భోజనం నచ్చనిదని ఖాయం అయిపోతుంది, అందరితో కలిసి అదే తినే అలవాటు పోతుంది. ఇంటర్వెల్ కోసం మాత్రం చిన్న డబ్బా పంపండి. అర జామకాయ, పిడికెడు ఉడికిన పల్లీలు, ఒక సర్వపిండి ముక్క, అంతే, మధ్యాహ్నం ఆకలి మిగిలేంత. స్కూల్‌వాళ్లు ఒప్పుకుంటే సోమవారం నుంచి బకెట్ దగ్గర నిలబడండి. శనివారం దాకా రాసుకున్నది ఇక్కడే పెట్టండి, ఏ రోజు ఏం మిగిలిందో చూసి మీ స్కూల్లో ముందు ఏది మార్చమని అడగాలో చెప్తాను.